అత్త సొమ్ము అల్లుడి దానం: ఊరికి పెత్తనం ఎవరిస్తారు, ఎందుకిస్తారు?

1959 అక్టోబరు. రెండో తేదీన, గాంధీ జయంతి నాడు, రాజస్థాన్‌లోని నాగౌర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించారు. కొద్ది రోజులకే మన షాద్‌నగర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా మొదలుపెట్టింది. అప్పుడు ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. ఆ నెల చివర్లో సరిహద్దుకు అవతల, పాకిస్తాన్‌లో, సైనిక పాలకుడు అయూబ్ ఖాన్ ‘మౌలిక ప్రజాస్వామ్యాలు’ అనే పేరుతో ఊరూరా కౌన్సిళ్లు పెట్టాలని ఉత్తర్వు ఇచ్చాడు. ఒకరు ఓట్లతో గెలిచిన ప్రధాని. ఇంకొకరు ఏడాది కిందటే సైన్యం అండతో గద్దెనెక్కినవాడు. ఇద్దరూ ఒకే నెలలో ఊరికి అధికారం ఇస్తామన్నారు.

తేదీలు అలా కలవడం యాదృచ్ఛికమే. అయినా ఆ రెండూ పక్కపక్కన కనిపించిన నాటి నుంచి ఒక ప్రశ్న నా మనసులో మెదులుతూనే ఉంది. బొడ్లో దోపుకున్న తాళాలగుత్తిని అత్తగారు కోడలి చేతికి ఎప్పుడిస్తుంది? మంచితనంతో ఇచ్చే ఇల్లు ఎక్కడో ఒకటుంటుంది. ఎక్కువ ఇళ్లలో ఒంట్లో సత్తువ తగ్గాకో, ఇవ్వకపోతే కొడుకు వేరు కాపురం పెడతాడని తెలిశాకో, మధ్యలో పెత్తనం చేస్తున్న తోడికోడలి జోరు తగ్గించాలనుకున్నప్పుడో తాళాలు చేతులు మారతాయి. దేశాల సంగతీ అంతే. పార్లమెంటు, మంత్రివర్గం, సైన్యం, ఖజానా అన్నీ చేతిలో ఉన్నవాళ్లు కింద ఉన్న సర్పంచికో, మేయరుకో, ప్రాంతీయ సభకో అధికారం రాసివ్వడం వింతే. ఆ వింత గత నలభై, యాభై ఏళ్లలో ఎన్నో దేశాల్లో జరిగింది.

పాఠ్యపుస్తకాలు చెప్పే సమాధానం మనందరికీ తెలుసు. ఊరి అవసరం ఊరికే తెలుస్తుంది. చెరువు గట్టు ఎక్కడ బలహీనంగా ఉందో, ఏ వీధి కుళాయికి నీళ్లెక్కవో హైదరాబాద్‌లోనో అమరావతిలోనో కూర్చున్న కార్యదర్శికి కాగితం మీద కనిపించదు. ఓటరుకు అందేంత దూరంలో ఉన్న నాయకుణ్ని నిలదీయడం సులువు. ఇదంతా నిజమే, నేనూ నమ్ముతాను. కానీ ఆ సమాధానం ఒక్కచోట తేలిపోతుంది. ఊరి అవసరం ఊరికి 1950లోనూ తెలుసు, 1980లోనూ తెలుసు. మరి ఒక ప్రభుత్వం ఒకానొక సంవత్సరంలోనే ఎందుకు మేలుకుంది? ఎందుకు మంచిదన్నది ఒక ప్రశ్న, ఎందుకు జరిగిందన్నది వేరే ప్రశ్న. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే పంచాయతీల గురించి మన చర్చలు ఆశయాల దగ్గర మొదలై నిట్టూర్పులతో ముగుస్తాయి.

అధికారి దగ్గరికొస్తే అధికారం వచ్చినట్టేనా?

ముందు ఒక చిక్కుముడి విప్పుకోవాలి. 2016 దసరా నాడు తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33కు పెరిగాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. రెండుచోట్లా ‘పాలన ప్రజల ముంగిటికి’ అన్నారు. కలెక్టరాఫీసు దగ్గరికొచ్చింది, నిజమే. వంద కిలోమీటర్లు పోయి చేయించుకునే పని ముప్పై కిలోమీటర్లలో అవుతోంది. అది చిన్న మేలేం కాదు. కానీ ఆ కలెక్టరును నియమించేది రాష్ట్ర ప్రభుత్వమే, బదిలీ చేసేదీ అదే. అతను జవాబు చెప్పుకోవాల్సింది పైకే గాని కిందికి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 26 అయినా, ప్రజలు ఎన్నుకునే జిల్లా పరిషత్తులను పాత 13 జిల్లాల లెక్కనే ఉంచేశారు. దగ్గరికొచ్చింది అధికారి. అధికారం ఉన్నచోటే ఉంది.

ఈ తేడా పట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. పైవాడు తన మనిషిని మన ఊళ్లో కూర్చోబెట్టడం ఒకటి. మన ఊరి మనిషికి ఒక పని చేసిపెట్టమని అప్పజెప్పడం ఇంకొకటి. మన ఊరు ఎన్నుకున్నవాళ్లకు తమంతట తాము నిర్ణయించే హక్కు, ఖర్చు పెట్టే డబ్బు, మాట వినే సిబ్బంది ఇవ్వడం మూడోది. మనవాళ్లు ‘నిధులు, విధులు, అధికారాలు’ అని ఒక్క గుక్కలో అంటుంటారే, అది ఈ మూడో రకం. ప్రభుత్వాలు ప్రకటనల్లో మూడోదాని పేరు చెప్పి, ఆచరణలో మొదటిదో రెండోదో చేతిలో పెడతాయి.

మొదట కావలసింది చేతులు

1952 అక్టోబరు 2న కేంద్రం సమాజ వికాస పథకం మొదలుపెట్టింది. బ్లాకులు ఏర్పడ్డాయి, బీడీవోలు, గ్రామసేవకులు వచ్చారు. జీపులు తిరిగాయి. జనం మాత్రం కదల్లేదు. రోడ్డు వేస్తే సర్కారు రోడ్డన్నారు, బడి కడితే సర్కారు బడన్నారు. ఎందుకిలా అని తేల్చడానికి 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీని వేశారు. ప్రజలు ఎన్నుకున్న సంస్థలు లేకుండా ప్రజల భాగస్వామ్యం రాదని ఆ కమిటీ చెప్పింది. ఊరికి పంచాయతీ, బ్లాకుకు పంచాయతీ సమితి, జిల్లాకు జిల్లా పరిషత్తు అనే మూడంచెల నిర్మాణం సూచించింది. ప్రభుత్వం దాన్ని ఎందుకు ఒప్పుకుందో గమనించండి. పథకాలు ముందుకు సాగడానికి దానికి ఊళ్లో చేతులు కావాలి. అంటే కేంద్రం ఇక్కడ తన బలం వదులుకోలేదు. తనకు లేని బలం కోసం వెతుక్కుంది.

రాజ్యాంగం రాసేటప్పుడే ఈ విషయంలో పెద్దవాళ్ల మధ్య భేదం ఉంది. ఊరంటే సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నెలవని అంబేడ్కర్ 1948 నవంబరులో రాజ్యాంగ సభలోనే కుండబద్దలు కొట్టారు. గాంధేయులు నొచ్చుకున్నారు. చివరికి పంచాయతీల మాట ఆదేశిక సూత్రాల్లో, 40వ అధికరణంగా, కోర్టుకెళ్లి అడిగే వీల్లేని చోట చేరింది. అంబేడ్కర్ భయం ఉత్త భయం కాదు. సమితులు వచ్చాక మన దగ్గర ఆ కుర్చీల్లో ఎవరు కూర్చున్నారో పెద్దవాళ్లనడిగితే చెబుతారు. చాలాచోట్ల వందల ఎకరాల ఆసాములే సమితి ప్రెసిడెంట్లయ్యారు. ఎరువులు, అప్పులు, టీచర్ల బదిలీలు వాళ్ల చేతుల మీదుగా నడిచాయి. ఎమ్మెల్యే టికెట్టు ఎవరికో తేల్చడంలో కూడా వాళ్ల మాట చెల్లింది.

అక్కడే అసలు కథ మొదలవుతుంది. కింద ఒక కొత్త బలం పుడితే ఎక్కువ ఉలిక్కిపడేది ఢిల్లీ కాదు, దానికి సరిగ్గా పైన ఉన్న రాష్ట్రం. 1960ల నడిమి నుంచి దేశంలో చాలా రాష్ట్రాలు పంచాయతీ ఎన్నికలు వాయిదా వేస్తూ, నిధులు తగ్గిస్తూ పోయాయి. 1977లో వేసిన అశోక్ మెహతా కమిటీ మరుసటి ఏడాది నివేదిక ఇచ్చే నాటికి వ్యవస్థ నీరసించి ఉంది. సమితి కన్నా చిన్నదైన మండల పంచాయతీ ఉండాలని ఆ కమిటీ సూచించింది.

ఆ మాటను మన దగ్గర ఎన్టీ రామారావు పట్టుకున్నారు. 1984లో కరణాలు, మునసబుల వంశపారంపర్య పెత్తనం రద్దయింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 1986 చట్టంతో సమితుల చోట మండల ప్రజాపరిషత్తులు ఏర్పడ్డాయి, 1987లో ఎన్నికలు జరిగాయి. జనానికి మేలు జరిగిందా అంటే జరిగింది. తాలూకా కేంద్రానికి రెండు బస్సులు మారి వెళ్లినవాళ్లు పక్కూరికి నడిచి పోగలిగారు. వెనకబడిన కులాల నుంచి కొత్త నాయకులు ఎందరో మండలాధ్యక్షులుగా పైకొచ్చారు. అదే సమయంలో రాజకీయంగా ఇంకొక పని జరిగిపోయింది. పాతికేళ్లుగా కాంగ్రెస్‌కు వెన్నెముకగా ఉన్న సమితి నాయకత్వం ఒక్క దెబ్బకు చెదిరింది. మంచి ఉద్దేశమా, రాజకీయ లాభమా అని అడిగితే రెండూ అనే చెప్పాలి. వికేంద్రీకరణ నిజంగా కదిలిన ప్రతిచోటా ఈ రెండూ కలిసే ఉన్నాయని నా అభిప్రాయం. ఉద్దేశం ఒక్కటే ఉన్నప్పుడు నివేదికలు వచ్చాయి. లాభం కూడా తోడైనప్పుడు చట్టాలు వచ్చాయి.

పీఎం నుంచి డీఎం దాకా

ఇప్పుడు ఢిల్లీకి వెళ్దాం. ప్రభుత్వం ఖర్చు పెట్టే రూపాయిలో పేదవాడికి చేరేది 15 పైసలేనని రాజీవ్ గాంధీ 1985లో అన్న మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. ఆయన ఆవేదన నిజమైనదే కావచ్చు. దాంతోపాటు దేశపటం కూడా చూడాలి. 1989 నాటికి ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్, కేరళ, తమిళనాడు, హర్యానాల్లో కాంగ్రెసేతర ప్రభుత్వాలున్నాయి. ఢిల్లీ పంపే రూపాయి ప్రత్యర్థి ముఖ్యమంత్రుల చేతుల మీదుగా ఊరికి పోతోంది. పేరు వాళ్లకే వస్తోంది. 1989 ఏప్రిల్‌లో జవహర్ రోజ్‌గార్ యోజన మొదలుపెట్టి నిధులు పంచాయతీల దాకా పంపే ఏర్పాటు చేశారు. మే నెలలో 64వ రాజ్యాంగ సవరణ బిల్లు పార్లమెంటు ముందుకొచ్చింది. పంచాయతీ ఎన్నికల పర్యవేక్షణ కేంద్ర ఎన్నికల సంఘానికి, లెక్కల తనిఖీ కాగ్‌కు అప్పగించాలని అందులో ఉంది. పీఎం నుంచి డీఎం (జిల్లా కలెక్టరు) దాకా, మధ్యలో సీఎం లేకుండా దారి వేస్తున్నారని ప్రతిపక్షాలు మండిపడ్డాయి. అప్పట్లో ప్రతిపక్షాల కూటమి నేషనల్ ఫ్రంట్ అధ్యక్షుడు రామారావే. లోక్‌సభలో గట్టెక్కిన బిల్లు అక్టోబరులో రాజ్యసభలో కొద్ది ఓట్ల తేడాతో వీగిపోయింది.

రాజ్యాంగం ఏడో షెడ్యూలు తీసి చూడండి. స్థానిక ప్రభుత్వం రాష్ట్ర జాబితాలో ఐదో అంశం. అంటే ఢిల్లీ ఊరికి ఇవ్వజూపిన అధికారం ఢిల్లీది కాదు, రాష్ట్రానిది. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. దానం చేసినవాడికి పేరొస్తుంది. పోయేది ఇంకొకరి సొమ్ము. కేంద్ర ప్రభుత్వాలు స్థానిక సంస్థలకు ఎందుకు అధికారం ఇస్తాయన్న ప్రశ్నకు నాకు దొరికిన సమాధానాల్లో అన్నిటికన్నా ఎక్కువ దేశాలకు సరిపోయేది ఇదే. ఇచ్చేవాడు తన వాటా ఇవ్వడం అరుదు. మధ్యలో ఉన్నవాడి వాటా తీసి కిందివాడికి ఇస్తాడు. మధ్యలో ఉన్నవాడి బలం తగ్గుతుంది, కిందివాడి కృతజ్ఞత దక్కుతుంది.

ఇండోనేషియాలో ఇది అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది. 32 ఏళ్లు దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్న సుహార్తో 1998 మేలో దిగిపోయాడు. తర్వాత వచ్చిన హబీబీ ప్రభుత్వం 1999లో రెండు చట్టాలు తెచ్చింది. 2001 జనవరి 1 నుంచి ఆరోగ్యం, చదువు, రోడ్లు, వ్యవసాయం లాంటి బాధ్యతలు కిందికి దిగాయి. దాదాపు 20 లక్షల మంది ప్రభుత్వోద్యోగులు కొత్త యజమానుల కిందికి వెళ్లారు. ఎవరి కిందికి? రాష్ట్రాల్లాంటి ప్రావిన్సుల కిందికి కాదు, జిల్లాలు, నగరాల కిందికి. తూర్పు తిమోర్ చేయి జారుతోంది, అచే, పపువా ప్రాంతాలు వేర్పాటు ఉద్యమాలతో రగులుతున్నాయి. ప్రావిన్సుకు బలమిస్తే రేపు అది వేరే దేశమవుతానంటుంది. జిల్లా అంత చిన్నది, అలా అనలేదు. అందుకే ప్రావిన్సును దాటేసి జిల్లాకు ఇచ్చారు.

బొలీవియాదీ అదే దారి. 1994లో అధ్యక్షుడు గొంజాలో సాంచెజ్ దె లొసాదా తెచ్చిన ప్రజా భాగస్వామ్య చట్టం దేశ పన్నుల రాబడిలో 20 శాతాన్ని జనాభా లెక్కన 311 మునిసిపాలిటీలకు పంచింది. అంతకుముందు ఆ డబ్బులో సింహభాగం మూడు పెద్ద నగరాలకే పోయేది. ఆండీస్ కొండల్లో మునిసిపాలిటీ ముఖమే చూడని పల్లెలకు ఒక్కసారిగా సొంత ఖాతా వచ్చింది, బడులకు, తాగునీటికి ఖర్చు పెరిగింది. ఎప్పటినుంచో స్వయంపాలన అడుగుతున్న శాంతాక్రజ్ లాంటి ప్రాంతాల కోరికను పక్కకు నెట్టడానికి కూడా ఆ చట్టం పనికొచ్చింది. అయితే ఇచ్చినవాళ్లు అనుకోనిది ఇంకొకటి జరిగింది. చపారే ప్రాంతంలో కోకా ఆకు పండించే రైతుల సంఘాలు 1995 మునిసిపల్ ఎన్నికల్లో గెలిచాయి. అక్కడ కాలూనిన నాయకుడు ఇవో మొరాలెస్ పదేళ్లు తిరిగేసరికి, 2005 డిసెంబరు ఎన్నికల్లో గెలిచి, దేశాధ్యక్షుడయ్యాడు.

పాకిస్తాన్ మాట మధ్యలో వదిలేశాం. అయూబ్ ఖాన్ పెట్టిన కౌన్సిళ్లకు ఎన్నికైనవాళ్లు 80 వేల మంది. 1960లో అధ్యక్షుడిగా అతనికి విశ్వాసం ప్రకటించింది వాళ్లే, 1965లో పాకిస్తాన్ స్థాపకుడు జిన్నా చెల్లెలు ఫాతిమా జిన్నాను ఓడించి అతన్ని గెలిపించిందీ వాళ్లే. పార్టీలను దాటి నేరుగా ఊరితో బేరం కుదుర్చుకోవడానికి సైన్యానికి అదొక దారి. అయూబ్ దిగగానే ఆ వ్యవస్థా పోయింది. 1979లో జియా ఉల్ హక్, 2001లో ముషారఫ్ అదే పని మళ్లీ చేశారు. ఎన్నికైన ప్రభుత్వాలు వచ్చిన ప్రతిసారీ వాటిని ఎండగట్టాయి. 2010లో రాజ్యాంగ 18వ సవరణతో ప్రావిన్సులకు పెద్ద ఎత్తున అధికారాలు దక్కాయి. ఆ ప్రావిన్సులు మాత్రం కిందివాళ్లకు ఎన్నికలు జరపడానికి సుప్రీంకోర్టు గట్టిగా అడిగేదాకా కదల్లేదు. తనకు కావాలని కొట్లాడినవాడు ఇంకొకరికి ఇవ్వడానికి ఒప్పుకుంటాడనే భరోసా లేదు. మన రాష్ట్రాల హక్కుల ఉద్యమాలను గౌరవించే నాలాంటివాళ్లకు మింగుడుపడని నిజం ఇది.

విడిపోతారన్న భయంతో ఇవ్వడం ఇంకో దారి. బ్రిటన్‌లో లేబర్ ప్రభుత్వం 1997 సెప్టెంబరులో స్కాట్లాండ్ ప్రజల్ని అడిగితే 74 శాతం సొంత పార్లమెంటు కావాలన్నారు. 1999లో ఇచ్చారు. విడిపోవాలన్న పార్టీ జోరు దీంతో తగ్గుతుందనుకున్నారు. ఆ పార్టీ 2007లో ఆ పార్లమెంటులోనే అధికారంలోకొచ్చింది, 2014లో స్వాతంత్ర్యంపై ఓటింగు దాకా తీసుకెళ్లింది. 55 శాతం వద్దన్నారు కాబట్టి దేశం నిలిచింది.

‘ఇవ్వవచ్చు’

1989లో వీగిపోయిన పనిని పూర్తిచేసింది మన పీవీ నరసింహారావు ప్రభుత్వం. అది మైనారిటీ ప్రభుత్వం. బాబ్రీ మసీదు కూలిన రెండు వారాలకే, 1992 డిసెంబరు 22, 23 తేదీల్లో పంచాయతీలకు సంబంధించిన 73వ రాజ్యాంగ సవరణ ఉభయ సభల్లో ఆమోదం పొందింది. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పట్టణాలకు సంబంధించిన 74వ సవరణ జూన్ 1న వచ్చింది. రాష్ట్రాలు ఈసారి ఎందుకు ఒప్పుకున్నాయి? ఎన్నికల పర్యవేక్షణ కేంద్ర సంఘానికి కాకుండా రాష్ట్ర ఎన్నికల సంఘానికి వెళ్లింది. లెక్కల తనిఖీ ఎలా జరగాలో తేల్చేదీ రాష్ట్ర శాసనసభే. అన్నిటికన్నా పెద్ద కారణం ఒక్క మాటలో ఉంది.

73వ సవరణలోని అధికరణాలు ఒక్కొక్కటే చదవండి. ఐదేళ్లకోసారి ఎన్నికలు జరపాలి. దళితులకు, గిరిజనులకు జనాభాను బట్టి సీట్లు ఉండాలి. మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా ఉండాలి. రాష్ట్ర ఎన్నికల సంఘం ఉండాలి. స్థానిక సంస్థలకు ఎంత డబ్బు పంచాలో చెప్పే రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని ఐదేళ్లకోసారి వేయాలి. అన్నీ ‘ఆలి’తో ముగుస్తాయి. అసలైన అధికారాల గురించి మాట్లాడే 243జి దగ్గరికి రాగానే వాక్యం మెత్తబడుతుంది. రాష్ట్ర శాసనసభ చట్టం చేసి పంచాయతీలకు అధికారాలు ‘ఇవ్వవచ్చు’. పదకొండో షెడ్యూల్లో 29 అంశాల పట్టిక ఉంది. తాగునీరు, చిన్న నీటిపారుదల, ప్రాథమిక విద్య, ఆరోగ్యం, పౌరపంపిణీ, ఊరు పేరు చెప్పగానే గుర్తొచ్చేవన్నీ ఉన్నాయి. కానీ అది ఇవ్వాల్సిన వాటి జాబితా కాదు, ఇవ్వదలిస్తే ఇవ్వగలిగిన వాటి జాబితా. కుర్చీ తప్పనిసరి. ఆ కుర్చీకి పని ఐచ్ఛికం.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్లేదు మనవాళ్లు. మన దగ్గర పూజారులు ఏ పార్టీవాళ్లయినా ఒకటే తీరు. 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. 1997లో ‘జన్మభూమి’ వచ్చి ఊళ్లోకి నోడల్ అధికారులను దించింది. అదే ఏడాది సాగునీటికి 10 వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు పుట్టాయి. బడికి విద్యా కమిటీ, అడవికి వన సంరక్షణ సమితి, వాటర్‌షెడ్‌కు వేరే కమిటీ. వీటిలో కొన్ని మంచి పనులు చేశాయి, డ్వాక్రా సంఘాలు మహిళల బతుకులు మార్చాయి, కాదనను. కానీ 29 అంశాల్లో ఏది తీసుకున్నా దానికొక వేరే కమిటీ, వేరే ఖాతా ఉంటే సర్పంచి ఎందుకు? 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో పింఛను ఎవరికివ్వాలో జన్మభూమి కమిటీలు తేల్చాయి. 2019లో ప్రభుత్వం మారింది. 15 వేలకు పైగా గ్రామ, వార్డు సచివాలయాలు, దాదాపు రెండున్నర లక్షల మంది వలంటీర్లు వచ్చారు. పింఛను తెల్లవారకముందే గుమ్మంలోకి వచ్చింది. ముసలివాళ్లకు అదెంత ఊరటో చూసినవాళ్లకు తెలుసు. ఆ వలంటీరు మాత్రం ఊరు ఎన్నుకున్నవాడు కాదు, ఊరికి జవాబుదారీ కాదు. పంచాయతీ భవనం పక్కనే సచివాలయం వెలిగితే పంచాయతీ ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. ఎంపీటీసీల మాట ఇక చెప్పక్కర్లేదు. మాకు కుర్చీ తప్ప పని లేదని వాళ్లు ఎన్ని సభల్లో మొరపెట్టుకున్నారో.

ఎన్నికలే జరపకపోవడం ఇంకో పద్ధతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో గడువు ముగిసిన పంచాయతీలకు 2013లో గాని ఎన్నికలు రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో ముగిసినవి 2021 ఫిబ్రవరి దాకా ఆగాయి. మధ్యలో ప్రభుత్వానికీ రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌కూ మధ్య పోరు హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు ఎక్కింది. తెలంగాణలో 2024 ఆరంభంలో ముగిసినవాటికి 2025 డిసెంబరులో జరిగాయి. అన్నాళ్లూ ప్రత్యేకాధికారుల పాలనే. విశాఖపట్నం లాంటి మహానగరం 2012 నుంచి 2021 దాకా మేయరు లేకుండా గడిపింది. హైదరాబాద్‌లో మేయరున్నా నీళ్లు ఒక బోర్డుకింద, ప్రణాళిక ఇంకో సంస్థకింద, చెరువుల ఆక్రమణల తొలగింపు 2024లో పెట్టిన మరో సంస్థకింద ఉన్నాయి. కార్పొరేటరు చేయగలిగింది కాలువ పూడిక తీయించడం, ఫోన్లు చేయడం.

నింద మాత్రం వికేంద్రీకరణ అవుతుంది

ఇవ్వడానికి ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని తలుచుకుంటే నాకు బాధే వేస్తుంది. ఖజానా వట్టిపోయినప్పుడు పైప్రభుత్వం పనిని కిందికి దింపుతుంది, పనికి సరిపడా డబ్బు దింపదు. పని చేయలేకపోయిన నింద మాత్రం కిందికే దిగుతుంది. 1980ల అప్పుల సంక్షోభంలో లాటిన్ అమెరికా దేశాలు ఎన్నో బడులను, ఆసుపత్రులను ఇలాగే కిందికి నెట్టాయి.

2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం చదివితే సర్పంచి మీద ఎన్ని బాధ్యతలున్నాయో ఆశ్చర్యమేస్తుంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. లేకపోతే పదవికే ముప్పు. సస్పెండ్ చేసే అధికారం కలెక్టరుది. చెక్కు మీద సర్పంచితోపాటు ఉప సర్పంచి సంతకమూ ఉండాలి. పల్లె ప్రగతిలో శ్మశానవాటికలు, డంపింగ్ యార్డులు, పల్లె ప్రకృతి వనాలు కట్టారు. ఊళ్లు నిజంగానే బాగుపడ్డాయి. ఆ పనులకు వడ్డీకి డబ్బు తెచ్చి, పొలం తాకట్టు పెట్టి ముందుగా ఖర్చు పెట్టిన సర్పంచులు బిల్లుల కోసం ఏళ్లతరబడి తిరిగారు. చెక్కు రాసినా ట్రెజరీలో ఆగింది. పదవి దిగిపోయాక కూడా వాళ్లు హైదరాబాద్ వచ్చి ధర్నాలు చేశారు. అటు ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన డబ్బును విద్యుత్ బకాయిల కింద జమ చేసుకున్నారని సర్పంచులు రోడ్డెక్కారు. వీధి దీపం వెలగకపోతే జనం తిట్టేది సర్పంచినే, ఆ దీపం బిల్లు పేరుతో ఖాతా ఖాళీ చేసింది పైవాళ్లు.

ఇంతా చెప్పాక, ఏమీ దక్కలేదనడం కూడా అబద్ధమే. రాజ్యాంగంలో ‘ఉండాలి’, ‘జరపాలి’ అని రాసిన ప్రతిదీ ఏదో ఒక రూపంలో నిలిచింది. దేశంలో దాదాపు రెండున్నర లక్షల గ్రామపంచాయతీలున్నాయి. ఎన్నికైన ప్రతినిధుల్లో దాదాపు సగం మంది మహిళలు. మన దగ్గర మూడో వంతు కాస్తా సగమైంది. మొదట్లో భర్త పక్కన నిలబడి పెత్తనం చేశాడు, ఇప్పటికీ చాలాచోట్ల చేస్తున్నాడు. అయినా జెండా వందనం రోజున బడి ముందు నిలబడి తాడు లాగే చేతులు మారాయి. ముప్పై ఏళ్ల కిందట ఆ గుమ్మం తొక్కనివ్వని కులాల ఆడవాళ్లు ఆ కుర్చీలో కూర్చుంటున్నారు. అంబేడ్కర్ ఊరి గురించి పడిన భయానికి రాజ్యాంగం ఇచ్చిన జవాబు ఈ రిజర్వేషనే అనుకుంటాను. ఊరికి అధికారం ఇవ్వడానికి ముందు, ఊళ్లో ఎవరికన్నది తేల్చాలి.

కేంద్ర ఆర్థిక సంఘం నిధులూ అలాంటివే. 14వ సంఘం 2015 నుంచి ఐదేళ్లకు గ్రామపంచాయతీలకు 2,00,292 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. 15వ సంఘం 2021–26కు గ్రామీణ సంస్థలకు 2,36,805 కోట్లు కేటాయించమంది, అందులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని కట్టుబాటు పెట్టింది. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే డబ్బు ఆగుతుంది. ఎన్నికలు ఎగ్గొట్టే రాష్ట్రాలను ఎంతోకొంత కదిలించేది ఇప్పుడు ఆదర్శం కన్నా ఈ షరతే. గిరిజన ప్రాంతాల్లో అయితే గ్రామసభ మాటకు చట్టబలం ఉన్నప్పుడు ఏమవుతుందో ఒడిశా నియమగిరి చూపించింది. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో అడిగితే 12 ఊళ్ల గ్రామసభలు ఒకదాని వెనక ఒకటి బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. తవ్వకం ఆగింది.

మరి తన వాటానే తీసి ఇచ్చిన ప్రభుత్వం ఎక్కడా లేదా? దగ్గర్లోనే ఉంది. కేరళలో వామపక్షాలు, కాంగ్రెస్ కూటమి ఒకరి తర్వాత ఒకరు గద్దెనెక్కడం 2021 దాకా దశాబ్దాల అలవాటు. 1991లో వామపక్ష ప్రభుత్వం పెట్టిన జిల్లా కౌన్సిళ్లను అదే ఏడాది వచ్చిన ప్రభుత్వం బలహీనపరిచింది. 1996లో మళ్లీ గెలిచిన వామపక్షాలు ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇస్తామని ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలుపెట్టాయి. ఐదేళ్ల తర్వాత తాము సచివాలయంలో ఉండకపోవచ్చు, ఊళ్లలో మాత్రం ఉంటామని వాళ్లకు తెలుసు. అంతకుముందు బెంగాల్‌లో, 1978లో పార్టీ గుర్తులతో పంచాయతీ ఎన్నికలు పెట్టినప్పుడూ ఈ లెక్కే. ఎప్పుడు బర్తరఫ్ చేస్తారో తెలియని ప్రభుత్వానికి ఊరు ఒక కోట. ఓడిపోతామన్న జ్ఞానం ఉన్నవాళ్లే అధికారాన్ని పంచి దాచుకుంటారు. మనమెన్నటికీ ఓడం అనుకునేవాళ్లు పంచరు.

కేరళలో 2001లో ప్రభుత్వం మారింది. ఉద్యమం పేరు మార్చారు, పద్ధతి మాత్రం తీసేయలేకపోయారు. దానికి ఒక కారణం చూడ్డానికి చాలా చిన్నది. అక్కడ రాష్ట్ర బడ్జెట్‌తోపాటు అనుబంధం–4 అని ఒక పుస్తకం అచ్చవుతుంది. ఏ పంచాయతీకి, ఏ మునిసిపాలిటీకి ఆ ఏడాది ఎంత డబ్బో పేరుపేరునా, వరసగా అందులో ఉంటుంది. అచ్చులో తన ఊరి పేరు పక్కన అంకె చూసుకున్న పంచాయతీ సభ్యుడు, ఏ పార్టీవాడైనా, ఆ అంకె తగ్గితే ఊరుకోడు.